సెలైన్ మావయ్య తెల్ల చొక్కా

మా వీధి ఆసుపత్రిలో డాక్టరు గారొకరు ఉన్నారన్న సంగతి కొందరికే గుర్తు. అందరికీ తెలిసింది కాంపౌండరే. పెద్దా చిన్నా ఆయన్ని సెలైన్ మావయ్య అంటారు. నీరసమని వచ్చినా, పరీక్షల భయమని వచ్చినా, మొగుడితో గొడవపడి తలనొప్పని వచ్చినా, ఆయన చూపు ముందు వాళ్ల చేతి నరం మీద పడేది.

"సీసా వేలాడాలండీ. లేకపోతే వైద్యం జరుగుతోందని చూసేవాళ్లకెలా తెలుస్తుంది?" అనేవాడు.

జనం కూడా తక్కువవాళ్లేం కాదు. పక్కింటావిడకు పెద్ద సీసా పెట్టి తనకు చిన్నది పెట్టారని అలిగి వెళ్లిపోయినవాళ్లున్నారు.

వైద్యానికి తగ్గట్టే ముస్తాబు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. దాని మీద మరక పడుతుందని సొంత మనవరాలిని కూడా ఎత్తుకునేవాడు కాదు, దూరం నుంచే చిటికెలు వేసేవాడు. మనిషి కాస్త పొట్టి. స్టాండు కొక్కెం అందక, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లున్న అట్టపెట్టె మీదెక్కి సీసాలు తగిలించేవాడు. పసిపిల్లల విరేచనాలకు పంచమని ఎవరో ఇచ్చి వెళ్లిన పెట్టె అది. నీళ్లలో కలుపుకుని తాగేదాన్ని మందనడానికి ఆయనకు నోరు రాలేదు. ఎక్కడమే గానీ దాన్ని విప్పిన పాపాన పోలేదు.

ఒకరోజు పొద్దున్నుంచి ఆ మనవరాలికే నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఏడు నెలల పిల్ల. కూతురు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేసరికి మావయ్య సీసాతో సిద్ధంగా ఉన్నాడు. డాక్టరు గారు పిల్ల కళ్లు చూసి, పొట్ట మీద చర్మం పట్టి చూసి, సీసా అక్కర్లేదన్నారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్టు కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టమన్నారు. తల్లిపాలు ఆపొద్దన్నారు. పిల్ల మత్తుగా పడిపోయినా, తాగలేకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు. మావయ్యకు తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ సీసాలు, తన మనవరాలికి చెంచానా?

పెట్టె విప్పక తప్పలేదు. ఇంటికెళ్లాక ఇంకో అనుమానం పట్టుకుంది. అన్ని నీళ్లలో ఈ పిసరంత పొడి ఏ మూలకు? బలం రావాలని ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కలిపేశాడు. కూతురు ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"నాన్నా, ముందు ఇది నువ్వు తాగు."

తాగాడు. తర్వాత చెంబెడు మంచినీళ్లు తాగినా నాలుక దారికి రాలేదు. ఇంత ఉప్పు పోస్తే పిల్ల ఒంట్లో ఉన్న కాస్త నీరూ పోతుందని కూతురు కేకలేసింది. గ్లాసు పారబోసి, కొత్త ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి, చెంచా ఆయన చేతిలోనే పెట్టింది.

రెండు చెంచాలు లోపలికెళ్లాయో లేదో పిల్ల కక్కేసింది. మావయ్య చెంచా పడేసి, ఆసుపత్రి నుంచి సీసా తెస్తానని లేచాడు. కూతురు ఫోన్ కలిపిస్తే డాక్టరు గారు, కాసేపాగి మళ్లీ పట్టు, ఇంకా నెమ్మదిగా పట్టు అన్నారు. పిల్ల ఏడుస్తోంది గానీ కళ్లలో తడి లేదు. పిల్ల దక్కదేమోనని ఆయన నిజంగా భయపడ్డాడు. చొక్కా సంగతి మర్చిపోయి, పిల్లను ఒళ్లో పెట్టుకుని చెంచా వెనక చెంచా పడుతూనే కూర్చున్నాడు. మధ్యమధ్య కూతురు పాలిచ్చి మళ్లీ ఆయన ఒళ్లోనే పడుకోబెట్టేది.

సాయంత్రానికి పిల్ల ఏడిస్తే చెంప తడిసింది. ఇంకాసేపటికి ఆయన చొక్కా తడిసింది.

"అమ్మాయ్, ఉచ్చ పోసిందే," అన్నాడు. ఒంట్లోకి మళ్లీ నీరు చేరిందన్నమాట.

కూతురు ఎంత చెప్పినా చొక్కా విప్పలేదు. అలాగే వీధంతా నడిచి ఆసుపత్రికొచ్చి డాక్టరు గారికి చూపించాడు. సీసా కోసం బల్ల మీద కూర్చున్న నీరసం మనిషి ముక్కు మూసుకుని, చొక్కా మార్చుకు రాకపోయావా మావయ్యా అని విసుక్కున్నాడు.

"మార్చుకుంటే," అన్నాడు మావయ్య, "పిల్లకి నయమైందని చూసేవాళ్లకెలా తెలుస్తుంది?"