ఆఖరి పేజీలు లేని పుస్తకం

మా చిన్నప్పుడు శనివారం సాయంత్రం అంటే నాకు పరీక్షే... నాన్నగారు అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, ఎర్ర సిరా పెన్ను తీసి, "ఏదమ్మా నీ నోట్సు?" అనేవారు.

రాజోలు దగ్గర పల్లెటూరు మాది. నాన్నగారు హెడ్మాస్టరు. లైబ్రరీలో దొరికే పిల్లల మాయల నవలలంటే నాకు ప్రాణం. "చర్చికెళ్ళే పిల్లకి ఈ మాంత్రికుల గోలేంటండీ?" అని అమ్మ ఒకటే గొడవ. చివరికి నాన్నగారు షరతు పెట్టారు... పుస్తకం పూర్తిగా చదవాలి. ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో, ఎందుకో ఒక పేజీ రాసి చూపించాలి. అప్పుడే ఇంకో పుస్తకం. ఒక్క అబద్ధం రాసినా నవలలు బంద్!

నేనూ మొండిఘటాన్నే... వారం తప్పకుండా రాశాను. "రాకుమారుడు అస్తమానం ఏడుస్తాడు, నచ్చలేదు" లాంటివి.

ఒకసారి అట్ట లేని పుస్తకం దొరికింది. పేరేమిటో కూడా తెలియదు. ఊళ్ళోవాళ్ళ నీడలు దొంగిలించే మాంత్రికుడు... వాటిని తేవడానికి తాబేలు వీపెక్కి దీవికి వెళ్ళే పడవవాడి కూతురు... ఊపిరి బిగబట్టి చదివాను. ఆ పిల్ల మాంత్రికుడి తలుపు తోసింది. అంతే! తర్వాతి పేజీలు ఎవరో చింపేశారు.

పూర్తి చేయలేదంటే ఇంకో పుస్తకం రాదు. అందుకని మాంత్రికుణ్ణి నేనే చంపేసి, నీడలు ఊరికి చేర్చేసి, "ముగింపు చాలా బాగుంది" అని రాసేశాను.

నాన్నగారు చదివి అడిగారు. "ముగింపు అంత బాగుందా?"

"ఆయ్, చాలా బాగుందండి."

"ఆఖరి పేజీలు లేవు కదమ్మా!"

అంతకుముందు ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, పేపరు చాటున పెట్టుకుని ఆయనా చదివేశారట!

"తెలీనిది తెలుసని రాసేవు. ఇంక నవలల్లేవు," అన్నారు.

"ఆ పేజీలు వెతికి చదివితే మళ్ళీ ఇస్తారాండీ?"

"చదివిరా, చూద్దాం."

పంతం పట్టాను. రాజోలులో పుస్తకాల కొట్లలో అడిగాను. సెలవుల్లో కొత్తపేటలో అత్తయ్యగారింటికి వెళ్తే అక్కడా అడిగాను. "పేరేంటి పాపా?" అనేవారు. "తెలీదండి... నీడలు దొంగిలిస్తాడండి," అంటే నవ్వేవారు. ఏడుపొచ్చేది, అయినా అడగడం మానలేదు.

రెండు నెలలు పుస్తకం లేకుండా గడిచాయి. ఆఖరికి నోట్సు తీసి పాతది కొట్టేసి, కింద రాశాను: "ఈ పుస్తకం ముగింపు నాకు తెలియదు. తెలిసేదాకా ఊరుకోను."

నాన్నగారు చదివి, ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట రాసి నోట్సు తిరిగి ఇచ్చారు.

"నేనూ."

మర్నాడు చర్చి అవగానే ఇద్దరం అమలాపురం బస్సెక్కాం, ఆ పుస్తకం కోసం...

ఇప్పుడు పిల్లలు నచ్చితే ఫోన్లో ఐదు నక్షత్రాలు నొక్కేస్తున్నారు. ఎందుకు నచ్చిందని ఎర్ర సిరా పట్టుకుని అడిగేవాళ్ళే లేరు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా ఆ పుస్తకం చదివారాండీ? తలుపు వెనక ఏముందో కాస్త చెప్పండి... నాన్నగారు తెలుసుకోకుండానే వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంకా ఊరుకోలేదు.