నిలబడి వండే ఎత్తు

పెరట్లో వంటిల్లు ఎంత ఎత్తుండాలన్న దాని మీద మా ఇంట్లో వారం రోజులు కొట్లాట నడిచింది. నేను తగ్గలేదు. ఇప్పుడు అడిగినా తగ్గను.

గోదావరిఖనిలో మాది కంపెనీ క్వార్టరు. లోపలి వంటగదిలో నేను పొయ్యి ముందు కూర్చుంటే వెనక తలుపు పడదు. గ్యాసు వచ్చింది గానీ అది చాయకూ పాలకూ. అన్నం, కూర, జొన్నరొట్టె అన్నీ నేల మీది బొగ్గుల పొయ్యి మీదే. ఇరవై ఏళ్ళు ఆ పొగ మింగుతూ, వంగి ఊదుతూ, వంగి కలుపుతూ వండాను. చివరికి నడుము పట్టేసి దవాఖానకు పోతే డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది, ఇంక వంగావంటే మంచానికి అంటుకుపోతావని. పెరట్లో పొయ్యికి ఎత్తు గద్దె కట్టించుకుని నిలబడి వండుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

మా ఆయన నాకు మేనబావ. పెళ్ళై ఇంతకాలమైనా బావా అనే పిలుస్తాను. బాయిలో, అంటే బొగ్గుగనిలో, కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన పని. ఆయన కర్ర పెడితే కప్పు కదలదని పేరు. అట్లాంటి మనిషికి రేకుల కొట్టం ఒక లెక్కా అనుకుని పప్పులో కాలేశాను.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బాయిలన్నీ బందు. ఆ వారమే మావాళ్ళు వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపి నడిరోడ్డు మీద పొయ్యిలు ముట్టించి, అక్కడే వండి, అక్కడే తినడం. మా క్వార్టర్ల లైను ఆడవాళ్ళకు అన్నం గిన్నె అప్పగించారు. సగానికి కోసిన డ్రమ్ము పొయ్యి, పొడుగు గంటె. పొద్దంతా నిలబడే కలిపాను. నడుము కిక్కురుమనలేదు.

ఇంటికి రాగానే ముగ్గు డబ్బా పట్టుకుని పెరట్లోకి పోయాను. ఇక్కడ నడుమెత్తు గద్దె, ఇక్కడ నీళ్ళ బిందె, ఇక్కడ రొట్టెల పీట అని పెట్టి చూసుకున్నాను. మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి తిరిగాను. చెయ్యి దేనికీ తగలనంత మేర చుట్టూ ముగ్గు పోశాను. "గీ గీతల మీదనే గుంజలు పాతు బావా" అని చెప్పి మర్నాడు సమ్మె శిబిరానికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి కొట్టం తయారు. గుంజలు నా ముగ్గు మీదే ఉన్నాయి. కానీ కప్పు! సరిగ్గా నా చెవుల దగ్గరికి ఉంది. పైగా నేను తిరగాల్సిన చోట, నట్టనడుమ ఇంకో గుంజ. ఆయన బాయిలో కప్పు గట్టిగా ఉందో లేదో కొట్టి చూసినట్టు రేకును కట్టెతో కొట్టి, చెవి పెట్టి విని, మురిసిపోతున్నాడు.

"ఏంది బావా గిది?"

"కప్పు ఎంత కిందుంటే అంత భద్రం. నడుమ గుంజ ఉన్నది, ఇగ ఫికరే లేదు."

"నీకు లేదు ఫికర్. నా నడుము సంగతేంది?"

"జర వంగితే ఏమైతది? ఇన్నేండ్ల సంది నేను వంగుతలేనా?"

నా ఒళ్ళు భగ్గుమంది. "నువ్వు బాయిల వంగుతవు, జీతం కోసం వంగుతవు. నా పెరట్ల నేనెవ్వలికి వంగాలె? నడిరోడ్డు మీద నిలబడి వండొచ్చిన. ఇగ నేను వంగ! కప్పు లేపేదాక గీ కొట్టంల పొయ్యి ముట్టియ్య."

గోడవతల నుంచి పక్కింటి అక్క తల పెట్టింది. "కట్టిచ్చిండు గద చెల్లె, సర్దుకోరాదు?"

"సర్దుకునే నడుము పోగొట్టుకున్ననక్కా" అన్నాను.

కొట్టం పక్కనే ఇటుకలు పేర్చి, ఆకాశం కింద నిలబడి వండాను. నాలుగో రోజు వాన పట్టుకుంది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గంటె. ఆయన కొట్టంలో నడుం వంచి నిలబడి "లోపలికి రారాదే" అన్నాడు.

"ముందు నువ్వు సక్కగ నిలబడు, సూద్దాం."

నిలబడ్డాడు. రేకు ఠంగుమని నెత్తికి తగిలింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. తల తడుముకుంటూ, "ఓసారి ఎత్తు కప్పు కింద పని చేస్తుంటే కూలింది. నా పక్కపొంటి ఉన్నోడు పోయిండు. నీకు చెప్పలె" అన్నాడు.

అన్నేళ్ళు ఆ మాట మోస్తూ నా పక్కన పడుకున్నాడు. ఏడుపొచ్చింది. అయినా ఒప్పుకోలేదు.

"గది బాయి బావా. గిది రేకు. పడితే బొప్పి కడుతది, గంతే. బయటికొచ్చి చెయ్యి లేపు."

వానలోకి వచ్చి చెయ్యి పైకెత్తాడు. కొట్టం వెనకున్న క్వార్టరు గోడకు ఆయన్ను ఆనించి నిలబెట్టి, వేళ్ళు అందిన చోట బొగ్గుతో గీత గీశాను. వాన వెలిశాక నడుమ గుంజను ఆయనే పీకేశాడు. మూలలకు పొడుగు గుంజలు పాతి కప్పును ఆ గీత దాకా లేపాడు.

తెలంగాణ వచ్చిన రోజు మా లైనుకంతా పాయసం అందులోనే నిలబడి వండాను. కప్పు ఇంకా నా చేతికందనంత ఎత్తునే ఉంది. అయినా డ్యూటీ దిగి వచ్చిన ప్రతిసారీ ఆయన దాని కింద వంగే అడుగు పెడతాడు. "తలెత్తు బావా" అంటాను. ఎత్తేదాకా అన్నం పెట్టను.