మూత్రం తూకం వేసిన డాక్టరుగారు

మా పిల్లికి వైద్యం చేసిన డాక్టరుగారు పోయారని సోమవారం పొద్దున ఆయన కాంపౌండరు ఫోన్ చేసి చెప్పాడు. రెండు రోజులుగా ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ అనుకుని ఊరుకున్నారట. వినగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సరిగ్గా ఇలాంటి ఆలస్యానికే ఆయన నన్ను చెడామడా తిట్టారు.

నిరుడు మాదాపూర్‌లో మా ఆఫీసువాళ్లు, ఉద్యోగంలో అయిదేళ్లు నిండాయని నాకో బొకే ఇచ్చారు. నార్సింగిలో మా ఫ్లాట్‌కు తెచ్చి టీపాయ్ మీద పెట్టాను. మర్నాటి నుంచి పిల్లికి వాంతులు. బొచ్చు మింగిందేమో, అదే తగ్గుతుందిలే అనుకున్నాను. మూడో రోజు పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇంట్లో తీసిన వాంతి ఫోటో డాక్టరుగారికి చూపించాను. ఆయన వాంతిని చూడలేదు, వెనకాల ఉన్న పూలను వేళ్లతో పెద్దవి చేసి చూశారు.

"లిల్లీలా ఇవి?"

"అవునండి, ఆఫీసులో ఇచ్చారు."

"ఆకు కొరికినా, పుప్పొడి నాకినా పిల్లికి కిడ్నీలు పోతయమ్మా. ఉచ్చ ఎప్పుడు పోసింది?"

నాకు తెలియదు. పిల్లుల వాంతుల గురించి గంటలకొద్దీ వీడియోలు చూశాను గానీ అదొక్కటీ చూడలేదు.

"బ్లడ్ రిపోర్టు రేపొస్తది. ఉచ్చ ఇయ్యాలనే చెప్తది. జర చూడొద్దా? మూడు రోజులు ఊకున్నవేందమ్మా?" అని తిట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

సెలైన్ ఎక్కువ పెట్టమని నేనే తొందరపెట్టాను. "నీళ్లు ఎవరైనా ఎక్కిస్తరు. బయటికి ఎంతొస్తుందో చూసుకుంట ఎక్కియ్యాలె. లేకుంటే ఊపిరితిత్తుల్ల నిండుతయి" అన్నారు. పిల్లిని ఆసుపత్రిలోనే ఉంచుకుని, దాని కింద పరిచిన ప్యాడ్‌ను వంటింటి కాటా మీద స్వయంగా తూచేవారు. మొదటి రోజు దాదాపు ఏమీ లేదు. రెండో రోజు సాయంత్రం కాటా వంక చూసి "వస్తుంది" అన్నారు. నా మొహం వెలగడం చూసి వెంటనే ఆపారు.

"బతికింది అంటలేను. వస్తుంది అంటున్న."

బతికింది. అది ఇవాళ్టికీ నా ఒళ్లో పడుకుంటోందంటే ఆయన వల్లే. కానీ కిడ్నీలు మునుపటిలా లేవు. పిల్లి మూత్రం పోస్తే ట్రేలోని ఇసుక ఉండ కడుతుంది. ఆ ఉండలెన్నో రోజూ పొద్దున తనకు మెసేజ్ పెట్టమన్నారు. "మూడు" అని పెడితే "మంచిది" అని వచ్చేది. ఒక్క రోజు మరిచిపోతే ఫోన్ చేసి, "పరేషాన్ చేస్తవేందమ్మా" అని విసుక్కునేవారు. మరి తన ఛాతీలో మంట సంగతి ఆయన ఎవరికి చెప్పారు? ఎవరికీ చెప్పలేదు.

ఈ పొద్దున ట్రేలో ఒకే ఒక్క ఉండ ఉంది, అదీ చిన్నది. పిల్లిని బుట్టలో పెట్టుకుని లిఫ్టు ఎక్కేశాను. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో కిందికి దిగాక ఆలోచించాను.