రెండో పూచీ

మగ్గం మీద కూర్చునే ముందు నాగప్ప పడుగు పోగుల మీద ఒకసారి అరచేయి ఆనిస్తాడు. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు తాకినట్టు ఉంటుంది. రోజూ అంతే. చరణ్ పోయిన తర్వాత కూడా ఆ అలవాటు మారలేదు.

చరణ్ ఆయనకు ఒక్కడే కొడుకు. జవాను. పొరుగు రాష్ట్రం అడవిలో మందుపాతర పేలి చనిపోయాడు. పెట్టిందెవరో ఇంకా తేలలేదు.

మరుసటి ఏడు, గద్వాలలో నాగప్ప ఉండే నేతగాళ్ల వీధిలోనే ఉన్న తిరుపతిని పోలీసులు తీసుకుపోయారు. అమ్రాబాద్ అడవి పల్లెల్లో జరిగే సభలకు వెళ్లేవాడు, మాట్లాడేవాడు. అడవిలోని సాయుధులకు సాయపడ్డాడని ఉగ్రవాద నిరోధక చట్టం కింద కేసు. మూడేళ్లయినా విచారణ మొదలు కాలేదు. చివరికి హైకోర్టు బెయిలు ఇచ్చింది. స్థానికులు ఇద్దరు పూచీ ఉండాలంది.

ఒకరు తిరుపతి బావమరిది. రెండో మనిషి కోసం తిరుపతి భార్య కమల వీధంతా తిరిగింది. అందరూ మంచినీళ్లిచ్చారు, అంతే. నాగప్ప గడప మాత్రం ఆమె తొక్కలేదు. ఏ ముఖంతో అడుగుతుంది?

నాగప్పే వాళ్లింటికి వెళ్లాడు. తిరుపతి వకీలు ఉమ అక్కడే ఉంది.

"జడ్జి ఏమన్నడమ్మా?"

"దేశానికి కాపలా కావాలె, అది నిజమే అన్నరు తాతా. కానీ నేరం తేలకుండ మనిషిని గిన్నేండ్లు లోపలుంచుడు న్యాయం కాదన్నరు. అందుకే షరతులు పెట్టి ఇడుస్తున్నరు. జిల్లా దాటొద్దు. సోమవారం సోమవారం స్టేషన్ల సంతకం. పారిపోతే పూచీ ఉన్నోళ్లు జవాబు చెప్పాలె."

"వాడా? పక్కనున్న మల్దకల్ జాతరల్నే దారి తప్పిండు. యాడికి పారిపోతడు?"

కమల నవ్వబోయి ఏడ్చింది. "మామా, చరణ్..."

"చరణ్‌ను చంపింది వీడని ఎవరన్న చెప్పిండ్రా?"

"లేదు మామా."

"మరింకేంది."

ఇంట్లో భార్య సుగుణమ్మ పళ్లెం పక్కకు నెట్టింది. "గోడ మీద కొడుకు ఫోటో ఉన్నది. దాని కింద కూసొని గా కేసుకు జమానతు ఉంటవా? సిగ్గు లేదా నీకు?"

నాగప్ప పళ్లెం మళ్లీ ఆమె ముందుకు జరిపాడు.

"వాడు పోయిన కబురొచ్చిన పొద్దు మన పడుగు వీధిల సాగదీసి గంజి పెట్టినం. యాదికున్నదా? నువ్వు పడిపోతివి. నిన్ను ఎత్తుకొని దవాఖానకు ఉరికితిని. గట్లనే ఎండల ఉంటే పోగులన్ని పెళుసై తెగుతుండె. దాన్ని చుట్టి లోపల పెట్టిందెవరు?"

"నాకు తెల్వదు."

"తిరుపతి. నలుగురు పట్టే పడుగు, ఒక్కడే చుట్టిండు."

పూచీ సంతకానికి ఆయన హైదరాబాద్ కోర్టుకు బయలుదేరిన రోజు సుగుణమ్మ సంచిలో రొట్టెలు పెట్టింది.

"నేనేం ఒప్పుకోలే," అంది. "ఆకలైతది గదా."

తిరుపతి ఆదివారం ఇల్లు చేరాడు. మరునాడు పొద్దున నాగప్ప అతనితో కలిసి స్టేషన్‌కు నడిచాడు. ఆయన అమరుడి తండ్రి అని అక్కడ అందరికీ తెలుసు. కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. తిరుపతి సంతకం పెట్టేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత బస్టాండు దగ్గర హోటల్లో ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని చెప్పాడు.