రెండింతల లెక్క

మా వదిన ఆస్పత్రిలో ఆహార నిపుణురాలు. జనం ఇష్టంగా తినేవేమిటో కనుక్కుని, వాటిని మానెయ్యమని చెప్పే ఉద్యోగం. ఆవిడ గది వరండా చివర, ఎక్స్‌రే గది పక్కన ఉంటుంది. ఎంత తినాలో చూపించడానికి బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డు, ప్లాస్టిక్ అరటిపండు, చిన్న గిన్నెలో ప్లాస్టిక్ అన్నం పెట్టుకుంది. వదిన వద్దనకుండా మిగిలినవి ఆ మూడేనని మా అన్నయ్య అంటాడు. మొగుడు కాబట్టి ఆయనకి తెలుస్తుంది.

మూలన బరువు చూసే యంత్రం. వచ్చినవాళ్లు ముందు చెప్పులు విప్పుతారు, తర్వాత వాచీ, ఆ తర్వాత జేబులో తాళాలు. ఒకాయన కళ్లజోడు కూడా తీసేసి, అంకె కనపడక మళ్లీ పెట్టుకున్నాడట. ఊపిరి వదిలేసి నిలబడితే బరువు తగ్గుతామన్న నమ్మకం బాగా చదువుకున్నవాళ్లలోనే ఎక్కువట.

ఇదయ్యాక వదిన అందర్నీ ఒకటే అడుగుతుంది, నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏమేం తిన్నారని. అందరూ కొంచెమే తిన్నామంటారు. కొంచెం తిన్నవాళ్లు ఇక్కడికెందుకొస్తారని వదిన వాదన. అందుకని ఎవరేం చెప్పినా దాన్ని రెండింతలు చేసి లెక్కలో వేసుకుంటుంది. ఒట్టు పెట్టుకుంటే మూడింతలు. ఈ లెక్క ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదని ఆవిడ గర్వం. నాకు మాత్రం మొదట్నుంచీ ఒళ్లుమంట, ఎందుకంటే నేను నిజంగానే కొంచెం తింటాను.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వాళ్లింట్లోనూ అంతే. అన్నయ్య వదిన ముందు ఉడికించిన కూరలు తిని, వీధి చివర హోటల్లో అసలు భోజనం చేసొచ్చేవాడు. చెప్పింది చెప్పినట్టు విన్న మనిషి వాళ్ల దగ్గరే ఉండే మా నాన్న ఒక్కడే. ఉప్పు తగ్గించమంటే తగ్గించాడు. వంటింటి గోడ మీద వదిన ఎవరెప్పుడు తినాలో పట్టిక అంటించింది. ఈ వయసులో పెందలాడే తినాలని అందులో నాన్నని అందరికంటే ముందు పెట్టింది. దాంతో రోజూ సాయంత్రం ఆయన ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని, మూత తీసి, వడ్డించుకునేవాడు.

నాన్న దర్జీ. దుకాణం మూసేసినా మిషను ఇంకా ఆయన గదిలో కిటికీ పక్కనే ఉంది. అమ్మ పోయి ఏడాది దాటింది. అమ్మ ఉన్నప్పుడు, ఎంత పనున్నా సరే భోజనం వేళకి షట్టరు సగం దించి, బట్ట కత్తిరించే బల్ల మీదే ఇద్దరూ తినేవాళ్లు.

వదిన ఆస్పత్రి నుంచి రాగానే, "మామయ్యగారూ, ఏం తిన్నారు?" అని అడిగేది. ఒక రొట్టె తిన్నానమ్మా అనేవాడు నాన్న. వదిన లెక్కలో రెండు వేసుకునేది. వయసుకి సరిపోయిందని తృప్తిపడి తన పనిలో పడేది.

చిక్కిపోతుంటే కళ్లకి కనపడదా అంటారేమో. కనపడలేదు. మొహం పీక్కుపోతే అమ్మ మీద బెంగ అనుకున్నాం. చిక్కినవాడికి బట్టలు వేలాడాలి కదా, నాన్న బట్టలు ఒంటికి అతికినట్టుండేవి.

నేనుండేది రెండు వీధుల అవతల. ఒక ఆదివారం వెళ్లి, నాన్న ప్యాంటు తిరగేసి ఇస్త్రీ చేస్తుంటే వెనక కుట్టు దగ్గర ఇస్త్రీ పెట్టె ఎక్కి దిగింది. చూస్తే లోపల గుడ్డ మడత మీద మడత. పాత కుట్టు, దాని పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. అన్నీ నాన్న చేతి కుట్లే, ఒక్కటీ వంకర లేదు. చిక్కినప్పుడల్లా ప్యాంటు నడుము లోపలికి కుట్టుకుంటూ వచ్చాడు. చొక్కాలు తిరగేశాను. అదే కథ.

వదినని పిలిచి చూపించాను. ఆవిడ ఆ కుట్లని వేలితో తడిమింది. ఇంట్లో వాడే బరువు యంత్రం తెచ్చి నాన్నని ఎక్కించింది. నాన్న చెప్పులతోనే ఎక్కాడు. జేబులో కత్తెర కూడా ఉంది. అయినా ఆ అంకె చూసి వదిన మంచం అంచున కూలబడింది.

"ఒక రొట్టె అంటే ఒక రొట్టేనా మామయ్యగారూ?"

"ఒకటంటే ఒకటేగా అమ్మా," అన్నాడు నాన్న. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు.

అప్పుడు వదిన తన లెక్క ఆయనకి చెప్పి ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. నేను మాత్రం నాన్న మీద విరుచుకుపడ్డాను, ఎందుకు చెప్పలేదని. అడిగినప్పుడల్లా చెప్పానుగా అన్నాడు. బట్టలెందుకు బిగించావంటే, వదులు బట్టలేసుకు తిరిగితే దర్జీ పరువేం కావాలన్నాడు. పోనీ ఆకలి లేదా అన్నాను.

"ఆకలేస్తుందే. బల్ల దగ్గర కూర్చునేసరికి పోతుంది. ఒక్కణ్ణే తింటే ముద్ద దిగదు."

మర్నాడు పరీక్షలన్నీ చేయించాం. రోగమేమీ లేదు, కానీ ఇలాగే తగ్గుతూ పోతే మనిషి మంచం పడతాడు, ఆ తర్వాత లేపడం మా వల్ల కాదని డాక్టరు చెప్పేశాడు.

వదిన పాలు, గుడ్లు, పొడులు అంటూ కొత్త పట్టిక రాసింది. నాన్న బుద్ధిగా తలూపాడు. ఆ సాయంత్రం వదిన గోడ మీది పట్టికతో సహా రాసినదంతా కొట్టేసి, అందరికీ ఒకటే వేళ పెట్టి, పళ్లెం తెచ్చుకుని నాన్న ఎదురుగా కూర్చుంది. అన్నయ్యకీ తప్పలేదు. అప్పటికే హోటల్లో తినొచ్చాడు కాబట్టి రెండో భోజనం చేశాడు. మొదట్లో ఆ ఇంట్లో బరువు పెరిగింది ఆయనొక్కడే.

మధ్యాహ్నం నువ్వేం తిన్నావమ్మా అని నాన్న వదినని అడగడం మొదలుపెట్టాడు. రోగికీ రోగికీ మధ్య నిలబడి బిస్కెట్లు నమిలే మనిషి ఆవిడ. కొంచెం తిన్నానండీ అనేది. నాన్న ఆవిడ పళ్లెంలో ఒక రొట్టె వేసి, తనూ ఒకటి వేసుకునేవాడు.

ఇప్పుడు ఆస్పత్రిలో వదిన ఇంకో మాట కూడా అడుగుతోంది, ఎవరితో కలిసి తిన్నారని. ఎవరూ లేరన్నవాళ్ల మాట ఉన్నదున్నట్టు వేసుకుంటుంది. మిగతావాళ్లకి పాత లెక్కే. నాకూ పాత లెక్కే.

నిన్న వెళ్లేసరికి నాన్న కిటికీ దగ్గర ప్యాంటు తిరగేసి, బ్లేడు మొనతో ఒక్కో పోగూ తెంపుతున్నాడు. వదిన ఇంకా చేతిసంచీ కూడా దించకుండా గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాన్న తలెత్తకుండానే చెప్పాడు.

"ఒక్క కుట్టే విప్పుతున్నానమ్మా. నువ్వు రెండు వేసుకోకు."