నిండు ప్రమిద, ఆఖరి కాన్వాయ్

మెటర్నిటీ సెలవు అయిపోయి నేను తిరిగి డ్యూటీలో చేరింది ఒక జనవరి మూడో సోమవారం. ఆ గురువారమే నాకు రెండు రోజుల అసైన్‌మెంటు పడింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రైవేటు ట్రావెల్ కంపెనీలో నేను లైసెన్సు ఉన్న గైడుని. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ వచ్చు కాబట్టి ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా నా వంతుకే వచ్చేవారు. ఆ ఉద్యోగం మానేసి ఇప్పటికి రెండేళ్ళు. పిల్లలిద్దరూ నిద్రపోయాక, చిన్నదాని ఊపిరి వినపడేంత దగ్గరగా కూర్చుని ఇది రాస్తున్నాను. గైడు పని ఎలా ఉంటుందని మా వీధి అమ్మాయిలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. వాళ్ళకి ఈ ఒక్క డ్యూటీ సంగతి చెబితే సరిపోతుందని నాకనిపిస్తుంది.

డ్యూటీ స్లిప్పు మీద ఇలా ఉంది: గెస్టులు ఇద్దరు, గుళ్ళు, రాజ సమాధి, ప్రైవేటు కారు, డ్రైవరుతో. గెస్టుల్లో పెద్దావిడ విజయనగరం వైపు ఒక పాత జమీందారీ కుటుంబానికి చెందినవారు. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఖంగుమనేది. అందరూ పిలిచినట్టే నేనూ అమ్మగారు అనే పిలిచాను. రెండో ఆయన ఆవిడ మేనల్లుడు జగ్గరాజు గారు, విశాఖపట్నంలో వ్యాపారం. కారు అప్పల్రాజు భయ్యాది. ఊళ్ళోనే తెలుగు జాలర్ల పేట జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వలలు భుజాన వేసుకుని ఓడ దిగినవాళ్ళలో ఒకడు. భయ్యాకి పడవ చేతకాక స్టీరింగు పట్టాడని వాళ్ళింట్లో ఇప్పటికీ వేళాకోళం.

మొదటి రోజు ఊళ్ళో గుళ్ళు తిరిగాం. తమిళుల మురుగన్ గుడి, బెంగాలీల కాళీ గుడి, చివరికి జంగ్లీఘాట్‌లో మావాళ్ళు కట్టుకున్న గంగమ్మ గుడి. నా కొడుక్కి అప్పుడు ఏడు నెలలు. గంగమ్మ గుడి నుంచి మా ఇల్లు నాలుగడుగులు. గెస్టులు ప్రదక్షిణ చేస్తుండగా పరుగున వెళ్ళి వాడికి పాలిచ్చి వచ్చేశాను. ఎవరికీ తెలియలేదు. తెలియనివ్వకపోవడమే మంచి ఉద్యోగమని అప్పట్లో నా నమ్మకం.

రెండో రోజు అలా కుదరదు. సమాధి ఉన్నది బారాటాంగ్ దీవిలో. అక్కడికి వెళ్ళాలంటే ఆదివాసుల కోసం కేటాయించిన రిజర్వు అడవి గుండా పోవాలి. ఆ రోడ్డు మీద బండ్లు ఒంటరిగా పోకూడదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర అన్నీ వరసగా ఆగితే, నిర్ణీత వేళకి ముందొకటి వెనకొకటి పోలీసు బండి పెట్టి కలిపి పంపుతారు. అదే కాన్వాయ్. బండిలో ఉన్న ప్రతి మనిషి పేరూ ఫారంలో రాసి ఇవ్వాలి. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు. అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ వస్తుంది. అక్కడ కారు వదిలి ఫెర్రీ ఎక్కితే పావుగంటలో బారాటాంగ్. తిరుగు ప్రయాణానికి ఆఖరి కాన్వాయ్ మధ్యాహ్నం మూడింటికి. అది తప్పితే మర్నాడు పొద్దున్నే. జిర్కాటాంగ్ దాటితే ఫోను పనిచెయ్యదు.

ఇంట్లో మా అత్తయ్య, పిల్లాడు మాత్రమే. మావారికి మాయాబందర్‌లో పోస్టింగు, శనివారం గానీ రారు. వాడు సీసా ముట్టడు. చెంచాతో పోస్తే ఉమ్మేస్తాడు. మూడు కాన్వాయ్ అందితే సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉంటాను. తప్పితే మర్నాడు పది. ఆ లెక్క నేను రాత్రి నుంచి పదిసార్లు వేసుకున్నాను. వాడు పస్తుండేది పదకొండు గంటలా, ఇరవై ఏడు గంటలా అన్నది మాత్రమే నాకు తేడా. అయినా గెస్టులకి ఈ మాట చెప్పలేదు. చెబితే పిల్లల తల్లిని పంపారేమిటని కంపెనీకి ఫోన్ చేస్తారని భయం.

అమ్మగారు పూజ కాకుండా గది దాటరు కాబట్టి తొమ్మిది కాన్వాయ్‌లో బయలుదేరాం. మిడిల్ స్ట్రెయిట్ చేరగానే భయ్యా కారుని తిరుగు వరసలో పెట్టి, తాళాలు పక్కబండి డ్రైవరుకిచ్చాడు. వరస కదిలితే మన బండిని కూడా ఆయనే ముందుకు జరుపుతాడు. డ్రైవర్ల మధ్య ఇది మామూలు. నలుగురం ఫెర్రీ దిగాక, అవతల ఒడ్డున అద్దె జీపు చూడగానే జగ్గరాజు గారి మొహం మాడిపోయింది.

“ప్రైవేటు కారుకి కదా మేం మాట్లాడుకున్నది? ఇదేమిటి, తలుపు తాడుతో కట్టి ఉంది?”

“కారు లైన్లో ఉంటేనే సార్, సాయంత్రం మీరు హోటల్లో ఉంటారు. లేదంటే మీరూ, నేనూ, గాడీ అందరం ఇక్కడే,” అన్నాడు భయ్యా.

అమ్మగారు భయ్యా భుజం పట్టుకుని జీపెక్కి కూర్చున్నారు.

జీపులో ముప్పావుగంట ప్రయాణం. ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. కాగితం మీద ఉన్నది వేరు, జనం చెప్పుకునేది వేరు అని గెస్టుకి విడదీసి చెప్పాలి. దారిలో నేను అదే చేశాను. ఆ చోటుని అక్కడివాళ్ళు రాజా చబూత్రా అంటారు. అడవిలో కలప కొట్టే క్యాంపులున్న కాలంలో, శిక్ష పడి వచ్చిన ఒక రాజు అక్కడ లెక్కలు రాస్తూ జ్వరంతో పోయాడని చెప్పుకుంటారు. పేరు ఎక్కడా లేదు. అమ్మగారు అంతా విని, శిక్ష పడి ఈ దీవులకి వచ్చిన తన ముత్తాతగారు పోయినట్టు తమ ఇంటికి చేరిన ఒక్క ఉత్తరంలో ‘అడవి క్యాంపులో, ఉప్పు కాలువ ఒడ్డున’ అని ఉందన్నారు. తనకి అంతే చాలునన్నారు.

సమాధి అంటే గోపురం, గోడలు ఉంటాయని జగ్గరాజు గారు ఊహించినట్టున్నారు. అక్కడున్నది నడుమెత్తు రాతి అరుగు. ఒక మూల కుంగింది. పక్కన మడ అడవి, కాలువ. రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలోని ఎత్వారీ దీదీ రోజూ ఆ అరుగు ఊడుస్తుంది. ఎందుకని అడిగితే వాళ్ళ అత్త ఊడ్చేదని చెప్పింది.

అమ్మగారు ఊరి నుంచి తెచ్చిన నాగావళి నది నీళ్ళు అరుగు మీద పోసి, సంచిలోంచి మట్టి ప్రమిద తీశారు. వత్తి వేసి, తన చెయ్యి వణుకుతోందని కొబ్బరి నూనె సీసా భయ్యా చేతికిచ్చి పోయమన్నారు. పన్నెండున్నర అయింది. ఆవిడ వెలిగించి, అరుగు ముందు చాప మీద కూర్చున్నాక గానీ అసలు సంగతి చెప్పలేదు. వాళ్ళింట్లో పెద్దల సమాధి దగ్గర దీపం పెట్టినవాళ్ళు అది కొండెక్కే దాకా లేవకూడదట. అందుకని అడుగు తడిసేటంత, నాలుగు చుక్కలే పోస్తారట. అరగంటలో అయిపోతుంది.

నేను ప్రమిద వైపు చూశాను. నూనె అంచులకి వచ్చి ఉంది.

భయ్యాని పక్కకి పిలిచి అడిగితే ఆయన బిత్తరపోయాడు. “నానేటి చేసీది దీదీ? గంగమ్మకి మేం నిండా పోస్తాం. పడవ తిరిగొచ్చీదాకా ఆరకూడదు కదా. సగం పోస్తే మా అమ్మ చెయ్యి ఇరగ్గొట్టీది. పెద్దావిడ కదా, ఇంకొంచెం ఎక్కువే పోసినాను.”

ఆయన చేసిన తప్పు అదే. చేపల వేట వాళ్ళింట్లో అది భక్తి. పోసిన నూనె తియ్యకూడదని, మరో మనిషి ఆర్పకూడదని అమ్మగారు అప్పటికే చెప్పి కళ్ళు మూసుకున్నారు. జీపుకి ముప్పావుగంట, ఫెర్రీకి పావుగంట, చెక్‌పోస్టులో ఫారం పని. మేం ఎంత ఆలస్యమైనా ఒంటిగంటన్నరకి లేవాలి.

ఒంటిగంట అయింది. దీపం అప్పుడే వెలిగించినట్టుంది. భయ్యా దగ్గర సంగతి విన్న జగ్గరాజు గారు గడియారం చూసుకుంటూ, మూడింటి బండి పోతుందని గొణుగుతూ అటూ ఇటూ తిరిగారు. ఒంటిగంటా పావుకి భయ్యా నా చెవి దగ్గరకొచ్చి, “ఊదేద్దామా దీదీ? గాలికి పోయిందని చెప్పీద్దాం. కౌన్ దేఖేగా, ఎవరు చూస్తారు?” అన్నాడు. నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. కానీ పేరు లేని సమాధి గురించి పొద్దుటి నుంచీ ఆవిడకి నిజం మాత్రమే చెబుతూ వచ్చి, దీపం దగ్గర అబద్ధమాడితే అంతకు ముందు చెప్పినదంతా వృథా. వద్దన్నాను.

అప్పటికి నా ఒళ్ళు నాకు తెలియజేస్తూనే ఉంది. వాడు పాలు తాగే వేళ రెండుసార్లు దాటిపోయింది. జాకెట్టు తడిసింది. కొంగు తిప్పి కప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను. గైడు గెస్టు ముందు చేతులు కట్టుకోకూడదని మాకు ట్రైనింగులో చెబుతారు.

అమ్మగారు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు.

“ఎన్నో నెలమ్మా బిడ్డకి?”

“ఏడండీ.”

“పాలెవరిస్తున్నారు?”

“ఎవరూ లేరండీ. సీసా పట్టడు.”

“మూడింటి బండి తప్పితే?”

“రేపు పొద్దున్నండీ.”

ఆవిడ చాప మీద నుంచి లేవడానికి చెయ్యి చాచారు. “నోరు లేదటే నీకు? పొద్దుటి నుంచీ ఊళ్ళో రాజులందరి సంగతీ చెప్పావు, ఈ ఒక్క ముక్క చెప్పలేకపోయావూ? నా దీపం కోసం నీ బిడ్డని పస్తు పెట్టమని ఏ పెద్దలూ చెప్పలేదు.” తరవాత మేనల్లుడి వైపు తిరిగారు. “జగ్గా, ఇలా రా. నీ చేత్తో ఓ చుక్క నూనె పొయ్యి.”

“ఇంకానా అత్తయ్యగారూ!”

“పొయ్యి. చెయ్యి కలిపితే ఈ దీపం నీది కూడా, ఇద్దరిలో ఒకళ్ళుంటే చాలు. ఇప్పుడిక్కడ కూర్చో.”

“నేనా? ఈ అడవిలోనా? రాత్రికి ఎక్కడుండాలి?”

“ఆస్తి పంపకాలప్పుడు తెల్లవార్లూ కూర్చున్నావు, నడుం నొప్పి రాలేదు. ఈ గంటా రెండు గంటలకి పోతావా?”

ఎత్వారీ దీదీకి తెలుగు రాకపోయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జగ్గరాజు గారు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని చాప మీద కూర్చున్నారు. జెట్టీ దగ్గర గవర్నమెంటు గెస్ట్‌హౌసు ఉందని, మర్నాడు మొదటి కాన్వాయ్‌లో వచ్చే బస్సు ఎక్కమని ఆయనకి చెప్పి, మమ్మల్ని దింపాక తిరిగొచ్చి ఆయన్ని తీసుకెళ్ళమని జీపు డ్రైవరుతో మాట్లాడాను. ఒంటిగంటా ముప్ఫై ఎనిమిదికి జీపు కదిలింది.

గెస్టుని వదిలి గైడు రాకూడదు. అది కంపెనీ రూలు. ఆ రూలు తప్పుతున్నానని తెలిసే వచ్చాను.

రెండున్నర ఫెర్రీ దొరికింది. అమ్మగారు ఫెర్రీలో కూడా నన్ను తిడుతూనే ఉన్నారు, మధ్యలో ఒక పొడి తువ్వాలు నా ఒళ్ళో పడేశారు. జెట్టీ దిగేసరికి కారు వరసలో ఏడోది. పక్కబండి ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఇక ఫారం మిగిలింది. ఇటువైపు చెక్‌పోస్టులో జవాను మమ్మల్ని లెక్కపెట్టి, “చౌథా ఆద్మీ కహాఁ హై?” అన్నాడు. వచ్చేటప్పుడు నలుగురి పేర్లున్నాయి, ఇప్పుడు ముగ్గురమే. మనిషి అడవిలో దిగిపోయాడేమోనన్నది వాళ్ళ అనుమానం, అందులో తప్పు లేదు. నేను విషయం చెప్పాను. ఆయన నమ్మలేదు. దీపం కోసం ఒక మనిషి ఆగిపోయాడంటే నేను మాత్రం నమ్ముతానా? ముందున్న బండ్లు ఇంజన్లు స్టార్ట్ చేశాయి.

అమ్మగారు కారు కిటికీలోంచి తెలుగులోనే అందుకున్నారు. “బాబూ, వాడు నా మేనల్లుడు. ఎక్కడికీ పారిపోడు. అంత ఓపిక లేదు వాడికి.”

భయ్యా అది హిందీలో చెప్పాడు. జవాను నవ్వు ఆపుకుంటూ తెల్లకాగితం ఇచ్చి, “లిఖ్ కే దో,” అన్నాడు. ఆగిన మనిషి పేరు, ఎక్కడ ఆగాడు, ఎప్పుడు ఎలా వస్తాడు, బాధ్యత ఎవరిది. అన్నీ రాసి కింద నా పేరు, లైసెన్సు నంబరు వేశాను. ముద్ర పడింది. రెండు గంటల యాభై ఏడు. భయ్యా, “చలో, గంగమ్మ తల్లీ,” అని గేరు వేశాడు. అడవి దాటేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది, అది దుఃఖం మాత్రం కాదు.

ఆరు కావడానికి పది నిమిషాలుండగా ఇంటి ముందు దిగాను. హోటలు తరవాత, ముందు ఈ అమ్మాయి ఇల్లు అని అమ్మగారే భయ్యాకి చెప్పారు. లోపల వాడు ఏడ్చి ఏడ్చి అత్తయ్య భుజం మీద వెక్కుతున్నాడు. నన్ను చూసి చేతులు చాచాడు. చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే కూర్చున్నాను. వాడి గుటకలు వినిపించాక గానీ నాకు ఊపిరి సరిగ్గా ఆడలేదు.

జగ్గరాజు గారు మర్నాడు పదింటికి బస్సు దిగారు. దీపం నాలుగుంబావుకి కొండెక్కిందని అమ్మగారికి చెప్పారు. ఎత్వారీ దీదీ ఇచ్చిన టీ చాలా బాగుందని కూడా చెప్పారు, కొంచెం ఇబ్బందిగా.

ఆఫీసులో జరిగింది జరిగినట్టు రిపోర్టు ఇచ్చాను. గెస్టుని వదిలి వచ్చినందుకు మెమో వచ్చింది. నా వివరణలో, తప్పు అంతకు ముందే, పొద్దున్న బయలుదేరేటప్పుడు హోటలు పోర్టికోలో జరిగిందని రాశాను. లేవాల్సిన టైము నేను గెస్టులకి అక్కడే చెప్పి ఉంటే, అమ్మగారు దీపం సంగతి అక్కడే చెప్పేవారు, నూనె ఎంత పొయ్యాలో భయ్యాకి తెలిసేది. గెస్టు ముందు గైడుకి ఇల్లు ఉండకూడదని నాకెవరూ చెప్పలేదు. అది నేనే పెట్టుకున్న రూలు.

ఆ తరవాత ఉద్యోగం చేసిన మూడేళ్ళూ, కారు తలుపు తెరవక ముందే, ఆఖరి చోట ఎన్నింటికి లేవాలో, ఇంట్లో నాకోసం ఎవరు చూస్తున్నారో చెప్పేదాన్ని. దాని మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.