చెల్లెలి స్కీలకు నీలం మైనం

చెల్లెలంటే గున్‌వోర్‌కి ప్రాణమని లోయంతా అనుకునేది. నిజమే, చెల్లెలు గెలవనంత కాలం.

చెల్లెలు టోర్‌హిల్ చిన్నప్పుడు గడ్డి కోసే యంత్రంలో ఎడమ చెయ్యి పోగొట్టుకుంది. ఇక కాళ్ళకు కట్టుకుని మంచు మీద జారే స్కీల జోలికి పోదనుకున్నారు. ఆ పిల్ల ఒంటి కర్రతోనే మంచుగుట్టలెక్కింది, పడింది, పన్ను విరగ్గొట్టుకుంది, మళ్ళీ ఎక్కింది. చివరికి రెండు చేతులవాళ్ళందరినీ వెనక్కి నెట్టి లోయ పందెం గెలిచింది. అప్పటి నుంచి ఏటా మొదటి స్థానం ఆమెది, రెండోది గున్‌వోర్‌ది. దుకాణానికెళ్తే "మీ చెల్లి ఎలా ఉంది?" చర్చికెళ్తే "మీ చెల్లి ఎంత గట్టిదమ్మా!" గున్‌వోర్ మొహం తిప్పుకునేది. ఆ చెయ్యి నాదే పోయినా బాగుండేదని ఒకసారి అనుకుని తనకే భయమేసింది.

అయితే స్కీల అడుగున మైనం పట్టించడం ఒంటి చేత్తో కుదరదు. ఆ పని అక్కే చేసేది. ఒకరు మైనం పూసిచ్చిన స్కీలను తిరగేసి చూడటమంటే ఆ లోయలో మొహాన ఉమ్మినట్టే. టోర్‌హిల్ ఏనాడూ చూడలేదు.

ఈసారి పందెం రోజు పొద్దున జల్లు పడి మంచు ముద్దముద్దయింది. తడి మంచుకి బంకలాంటి ఎర్ర మైనం కావాలి. నీలం పొడి చలికి. తడిలో నీలం పూస్తే ఎత్తెక్కేటప్పుడు పట్టు చిక్కక వెనక్కి జారతారు. ఇది అక్కడి పసిపిల్లలకూ తెలుసు. గున్‌వోర్ తన స్కీలకు ఎర్రది పూసింది. చెల్లెలి వాటికి నీలం పట్టించి, బెండుముక్కతో నున్నగా రుద్దింది.

"ఏది పూశావక్కా?"

"నీకెందుకే? కాఫీ తాగి బయల్దేరు."

"అబ్బో! పొద్దున్నే మూతి ఎండుచేపలా పెట్టావేం?" అని టోర్‌హిల్ నవ్వుతూ స్కీలు చంకన పెట్టుకుని వెళ్ళింది.

పందెం మొదలైందో లేదో ఉత్తరపు గాలి తిరిగింది. ఒక్కసారిగా చలి బిగిసి, పొడి మంచు కురిసింది. గున్‌వోర్ ఎర్ర మైనానికి ఆ మంచంతా అంటుకుని గడ్డలు కట్టింది. అడుగు పడటం లేదు. అందరి గతీ అదే అయినా మిగతావాళ్ళు ఎలాగో ఈడ్చుకుపోయారు, గున్‌వోర్ గీక్కుంటూ కూర్చుంది. పక్కనుంచి టోర్‌హిల్ జర్రున పోయింది.

"అక్కా, ఏమైంది?"

"పోవే! నీ దారిన నువ్వు పో!"

టోర్‌హిల్ గెలిచింది. గున్‌వోర్ అందరికంటే ఆఖరున, కుంటుకుంటూ వచ్చింది. ఎవరి స్కీలైనా తిరగేసి చూసే హక్కున్న పందెం పెద్ద హాల్వర్ ఇద్దరివీ తిరగేసి చూసి గట్టిగా అరిచాడు.

"చూడండర్రా! గాలి తిరుగుతుందని కనిపెట్టి చెల్లెలికి నీలం పూసింది! తను మాత్రం ఎర్రది పూసుకుని దారి వదిలింది! అక్కంటే ఇదిరా!"

టోర్‌హిల్ పరిగెత్తుకొచ్చి అక్క మెడ చుట్టూ చెయ్యి వేసి ఏడ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు, గున్‌వోర్ కోసం, గున్‌వోర్ ఒక్కదాని కోసం. ఇన్నేళ్ళూ ఆమె దేనికోసం కుళ్ళిపోయిందో అదే. కానీ ఒంటిమీద గొంగళిపురుగు పాకినట్టుంది.

"నువ్వు జారిపడాలనే పూశానే," అంది.

జనం గొల్లున నవ్వారు. "మంచితనం దాచుకోవడం కూడా రాదు పిచ్చిదానికి!" అన్నాడు హాల్వర్.

టోర్‌హిల్ ఒక్కతే నవ్వలేదు. అక్క మొహంలోకి చూసి, మెడ చుట్టూ ఉన్న చెయ్యి తీసేసుకుంది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.